తెగదెంపులకు పట్నం పోయివచ్చాం

పట్నానికి జనం నానా పనుల మీద పోతారు. కచేరీ పని, పెళ్లిబట్టలు, దవాఖానా, లేదంటే ఉత్త సరదా. మేము తెగదెంపులకు పోయాం. ఇటువంటి పనిమీద పోయేవారు ఇంకా ఉంటారు కదా, వారికి అక్కరకు వస్తుందని దారి వివరాలతో సహా రాస్తున్నాను.

మేము అంటే నేను, మా చిన్నాయన కూతురు సత్తెమ్మ. సత్తెమ్మ మొగుడు ఓదెలు పట్నంలో, ఛత్రినాకలో, మగ్గం నేస్తాడు. కిందటేడు ఇంకొకామెను ఇంట్లో తెచ్చిపెట్టుకున్నాడు. సత్తెమ్మ ఓరుగల్లుకు, పుట్టింటికి వచ్చేసింది. మా కులంలో ఇట్లాంటప్పుడు పెద్దలు ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి తమలపాకు తెంపిస్తారు. ఆకు తెగితే కాపురం తెగినట్టు. ఆ తరువాత ఎవరి దారి వారిది. చిన్నాయన లేడు, ఆయనకు కొడుకులూ లేరు. అన్న వరస నాది కనుక ఆమె వెంట పోవలసినవాణ్ని నేనే.

నాకు సొంత పని కూడా ఒకటి ఉంది. అది ఇంట్లో చెప్పలేదు. పత్తర్‌గట్టిలో హబీబ్ అని షేర్వానీలు కుట్టే దర్జీ ఉన్నాడు. నేను ఆ బజారులోనే బట్టల దుకాణంలో కొలువు చేసిన రోజుల్లో మేమిద్దరం ఛత్రినాకలో ఒకే మేడగదిలో ఉండేవాళ్ళం. ఒక మొహర్రంలో, పీర్ల ముందు, నలుగురూ చూస్తుండగా నా పాగా అతను చుట్టుకున్నాడు, అతని పాగా నేను చుట్టుకున్నాను. అట్లా పాగాలు మార్చుకున్నవారిని లోకం తోడబుట్టినవారి కింద లెక్కగడుతుంది. మాకు అది అంతకంటే ఎక్కువ. ఆలుమగలు ఎట్లా బతుకుతారో అట్లా బతికాం. గల్లీవాళ్ళు అన్నదమ్ములని అన్నారు, మేము కాదనలేదు.

ఒక ఎండాకాలం హబీబ్ పెట్టె సర్దుకొని, కొన్నాళ్ళు అక్క ఇంట్లో ఉండి వస్తానన్నాడు. రాలేదు. కబురూ లేదు. అతని దుకాణం ముందు నుంచి నేను పోతే తలవంచుకొని కుట్టుకునేవాడు. చూసి చూసి నేను కొలువు మానేసి ఓరుగల్లు మిల్లులో గుమాస్తాగా చేరాను. ఇప్పటికీ వాకిట్లో చెప్పుల చప్పుడైతే తల తిప్పి చూస్తాను. అన్నం తినబోయి రెండో పళ్ళెం కోసం చెయ్యి చాస్తాను. అయిపోయిందన్న ఒక్క మాట అతని నోటివెంట వింటే కుదుటపడతానని నా నమ్మకం. ఆ మాట కోసం పోయాను.

పొద్దున ఆరున్నరకు ఓరుగల్లు స్టేషన్ చేరాం. లడాయి రోజులు కదా, బండ్లు తగ్గించారు, ఉన్న బండ్లలో సగం సిపాయిలకే. మూడో తరగతి టికెట్లు తీసుకొని రెండు బండ్ల జనం ఒక్క బండిలో ఎక్కాం. కాజీపేటలో కిటికీ పక్క ఇద్దరు దిగితే సత్తెమ్మకు చోటు దొరికింది. నేను జనగామ దాకా నిలబడే ఉన్నాను. పోయేవారు కాజీపేటలో కుడివైపు నిలబడండి, దిగేవారు అటే ఎక్కువ.

బెజవాడ నుంచి వస్తున్న మిర్చి వ్యాపారి ఒకాయన జనగామలో చాయ్ తాగి కల్దారు, అంటే ఇంగ్లీషువారి అణా ఇచ్చాడు. చాయ్ అమ్మేవాడు దాన్ని తిప్పి తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు. "గిది నడువది సాబ్, హాలీ సిక్కా ఇయ్యుండ్రి."

"రాజుగారి డబ్బు చెల్లదంటాడేమిటండీ ఈ మనిషి!" అన్నాడాయన నా వంక చూసి. నేను నిజాం హాలీ ఇచ్చి ఆయన కల్దారు తీసుకున్నాను. అటువైపు నుంచి వచ్చేవారు స్టేషన్లోనే మార్చుకుంటే ఈ తిప్పలుండవు.

ఆలేరు దాటాక సద్ది విప్పాం. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, ఉల్లిగడ్డ. సత్తెమ్మ బాగానే తిన్నది. నేను ఒక రొట్టెతో సరిపెట్టుకున్నాను.

"ఏందన్నా, తింటలేవు?"

"ఆకలి లేదే."

"నాకు లేకపోతె అర్థమున్నది. నీకేమాయె?" అని ఇంకో రొట్టె నా చేతిలో పెట్టింది.

భువనగిరి గుట్ట కనబడి, వెనకబడింది. సికింద్రాబాదులో సిపాయిలంతా దిగిపోయారు. పన్నెండు దాటాక నాంపల్లిలో దిగాం. స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో చాయ్, బన్ను తీసుకున్నాం. ఆడవాళ్ళకు వెనకవైపు పరదా కట్టిన గది ఉంటుంది, అడిగితే చూపిస్తారు. అక్కడినుంచి చార్మినారుకు బస్సు. నయాపూల్ మీద బస్సు ఆగిపోయింది. వంతెన పొడవునా బేరగాళ్ళు, ఎడ్లబండ్లు, కోర్టుకు పోయే వకీళ్ళు, వాళ్ళ వెంట మొగాలు వేలాడేసుకున్న కక్షిదారులు. కింద మూసీలో నీళ్ళకంటే ఆరేసిన బట్టలే ఎక్కువ ఉన్నాయి.

వంతెన దాటితే పత్తర్‌గట్టి. రాతి కమానుల కింద దుకాణాలు, ఎడమ పక్క ఆరో ఏడో కమాను హబీబ్‌ది. బస్సు నింపాదిగా పోతుంటే నేను కుడిపక్కకు తిరిగి ఒక చెప్పుల దుకాణాన్ని శ్రద్ధగా చూశాను. సత్తెమ్మ ఎడమ పక్కకే చూసింది.

చార్మినారు దగ్గర దిగి, షాలిబండ మీదుగా నడిచి రెండు గంటలకు ఛత్రినాక చేరాం. మా మకాం కులపెద్ద వీరయ్య ఇంట్లో. ఇటువంటి పనిమీద వచ్చినవారికి పెద్ద ఇంట్లోనే తిండి, పడక. దానికి డబ్బు తీసుకోరు, అడిగితే నొచ్చుకుంటారు. వీరయ్య భార్య నర్సవ్వ సత్తెమ్మను చూడగానే కావలించుకొని ఏడ్చింది. తరువాత గల్లీ ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె తలకు నూనె పెట్టింది, ఒకామె నీళ్ళు తోడింది, ఒకామె ఓదెలును తిట్టింది. తిట్టే పని వంతులేసుకొని చేశారు.

"వానికి గత్తర దలగ! గిసొంటి పిల్లను ఇడిచి గా మొఖాన్ని తెచ్చుకుంటడా?"

"ఫికర్ జెయ్యకు బిడ్డా. చేతిల పనున్నది, రెక్కలున్నయి. వాడు లేకపోతె పొద్దు వొడువదా?"

సత్తెమ్మ ముందు బిగుసుకొని కూర్చుంది, కాసేపటికి తనూ నాలుగు తిట్లు అందించింది. సాయంత్రానికి నవ్వింది కూడా. నేను అరుగు మీద కూర్చొని ఇదంతా వింటున్నాను. వీధి చివర మా పాత మేడగది కనబడుతోంది. అందులో ఎవరో కాపురముంటున్నారు, కిటికీకి పచ్చ పరదా కట్టారు. అరుగు ముందు నుంచి పోతూ పాత పరిచయస్తులు ఇద్దరు ముగ్గురు పలకరించారు. "కనకయ్యా, మంచిగున్నవా? హబీబ్ భాయ్ ఎట్లున్నడు?" మంచిగున్నడు అని చెప్పాను. ఆడవాళ్ళ తిట్లు వింటుంటే నాకు ఈర్ష్య కలిగింది. హబీబ్‌ను ఒక్కరైనా అట్లా తిట్టిపోస్తే బాగుండునని అనిపించింది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి వీరయ్య వాకిట్లో చాపలు వేశారు. పదిమంది పెద్దలు. ఓదెలు ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చాడు. మాటలు పెద్దగా లేవు. పెళ్ళినాడు పెట్టిన ఇత్తడి సామాను ఎవరికి, మగ్గం ఎవరికి అన్నది ముందే తేలిపోయింది. వీరయ్య లేత తమలపాకు ఒకటి నీళ్ళలో ముంచి, తొడిమ ఓదెలుకు, కొస సత్తెమ్మకు పట్టించాడు.

"ఒక్కసారి గుంజుండ్రి. ఆగి ఆగి గుంజొద్దు."

ఓదెలు గుంజలేదు. భోరున ఏడ్చాడు.

"ఓరి, ఏడ్వాల్సినదాన్ని నేను. నువ్వేడుస్తవేంది?" అని సత్తెమ్మ తనే గుంజింది. ఆకు నడిమికి అడ్డంగా తెగింది. ఎవరి సగం వాళ్ళు భుజం మీదుగా వెనక్కి పారేయాలి, తిరిగి చూడకూడదు. అది పద్ధతి. ఓదెలు పారేశాడు. సత్తెమ్మ తన సగం అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనే తాంబూలం పళ్ళెంలో ఉన్న సున్నం రాసి, వక్కపలుకు పెట్టి, మడిచి నోట్లో వేసుకుంది.

వాకిట్లో లొల్లి లేచింది. ఒక పెద్దాయన, ఆచారం చెడిందన్నాడు. ఇంకొకాయన, మళ్ళీ కొత్త ఆకు తెప్పించమన్నాడు. వీరయ్య చెయ్యెత్తాడు.

"తెగిందా, లేదా? తెగింది. ఇగ ఆమె ఆకు, ఆమె ఇష్టం."

సత్తెమ్మ నములుతూ పోయి పెద్దలందరికీ దండం పెట్టింది. ఆడవాళ్ళు ఆమెను లోపలికి తీసుకుపోయి కొత్త రవిక తొడిగించి, బెల్లంతో అన్నం పెట్టారు. గంటలోపల అంతా ముగిసింది.

చాపలు చుడుతున్నప్పుడు నేను వీరయ్య పక్కకు చేరాను. ఆయనకు అరవై దాటి ఉంటాయి, ఇట్లాంటి తగవులు చాలా తీర్చినవాడు. ఊరికే తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగాను.

"బాపూ, పాగాలు మార్చుకున్నోళ్ళు విడిపోతె, వాళ్ళకేం పద్ధతున్నది?"

ఆయన చాప చుట్టడం ఆపి ఆలోచించాడు. "వాళ్ళకా? వాళ్ళకు లేదు నాయనా."

"పదిమందిల ముడి వడ్డది పదిమందిల ఇప్పాలంటరు గదా."

"పెండ్లి ముడైతె ఇప్పుతం. పాగా మార్చుకున్నోళ్ళు అన్నదమ్ములైతరు. అన్నదమ్ములు కొట్లాడుతరు, వేరువడుతరు, గాని అన్నదమ్ములు కాకుంట పోతరా? గది తెగేది కాదు." నా మొహం చూసి, "నీకూ హబీబ్‌కూ లొల్లయిందా ఏంది? నేను మాట్లాడాల్నా?" అన్నాడు.

"లేదు బాపూ. ఊకెనే అడిగిన."

ఆ పీర్ల ముందు మేము ఎంత పకడ్బందీగా ముడివేసుకున్నామో అప్పుడు అర్థమైంది. విప్పే దారి లేని ముడిని కోరి ఎంచుకున్నాం. ఆ వయసులో అది గొప్పగా కూడా అనిపించింది.

తిరుగుబండి సాయంత్రం నాలుగున్నరకు. పన్నెండింటికే మూట సర్దుకొని, నర్సవ్వ కట్టిన చద్దిమూటతో బయలుదేరాం. చార్మినారు దగ్గరకు రాగానే సత్తెమ్మ ఆగిపోయింది.

"నేను లాడ్‌బజార్ల గాజులు సూస్త. నువ్వు నీ పని సూసుకొని రా."

"నాకేం పని?"

"హబీబన్నను నేను అడిగిన అని చెప్పు" అని గాజుల దుకాణాల వైపు నడిచింది.

సత్తెమ్మ కాపురం మా గదికి నాలుగిళ్ళ అవతల. పండగలకు మాకు వండి పంపేది. హబీబ్ ఆమెకు రవికలు కుట్టిచ్చేవాడు, చెల్లె అని పిలిచేవాడు. ఆమెకు తెలియదని ఇన్నేళ్ళూ ఎందుకనుకున్నానో నాకే తెలియదు.

పత్తర్‌గట్టిలో ఆ వేళకు ఎండ కమానుల లోపలిదాకా వస్తుంది. హబీబ్ బల్లమీద నల్లగుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. నన్ను చూసి సుద్దముక్క పక్కన పెట్టాడు.

"ఆవో కనకయ్యా. బైఠో. ఎప్పుడొచ్చినవ్?"

"నిన్న. సత్తెమ్మది ఆకు తెంపుడు ఉండె. నిన్ను అడిగినట్టు చెప్పుమన్నది."

"చెల్లె మంచిగున్నదా?"

"మంచిగున్నది." బల్ల అంచు పట్టుకొని అడిగేశాను. దారి పొడవునా వెయ్యి రకాలుగా అల్లుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "హబీబ్, ఒక్క మాట అడగొచ్చిన. మనది అయిపోయిందా?"

అతను నల్లగుడ్డను చేత్తో సవరించాడు. "అయిపోయింది" అన్నాడు. "గా దినమే చెప్పాలె. నాకు హిమ్మత్ లేకుండె. నీ మొఖం సూసి చెప్పలేకపోయిన."

"మరి పాగాలు?"

"ఉండని. అన్నదమ్ములమే గదా."

"మనం ఎన్నడు అన్నదమ్ములం, హబీబ్?"

"ఎరుకే" అన్నాడు మెల్లగా. "ఎరుకే కనకయ్యా."

అంతలో వెనక గది నుంచి ఒకతను రెండు చాయ్‌లు తెచ్చాడు. జరీ పని చేసే మనిషి, ఔరంగాబాదు వాడు. హబీబ్ పక్కన ఎవరైనా ఉంటే చక్కని పడుచువాడై ఉంటాడని నేను రాత్రులు నిద్ర చెడగొట్టుకున్నాను. ఇతనికి బట్టతల, చిన్న బొజ్జ. హబీబ్ అడగకుండానే అతని భుజం మీద అంటుకున్న జరీపోగు తీసేశాడు. అట్లా నా భుజం మీద నుంచి ఎన్ని దారాలు తీశాడో. అది చూశాక ఇక అడగవలసింది ఏమీ మిగలలేదు.

"కౌన్ హై?" అన్నాడతను.

"మేరా భాయ్" అన్నాడు హబీబ్.

బట్టతలాయన తన చాయ్ నాకు ఇచ్చాడు. మర్యాదస్తుడు. తాగి, కప్పు బల్లమీద పెట్టి, వస్తానని చెప్పి వచ్చేశాను.

వినదలచుకున్న మాట విన్నాను. నిజం చెప్పాలంటే ఏమీ జరగలేదు. కుదుటపడలేదు, కూలిపోలేదు. చార్మినారు దగ్గర సత్తెమ్మ గాజులు తొడుక్కొని నిలబడి ఉంది. బేరం బాగా చేశానంది. బాగున్నాయన్నాను. నాంపల్లి బస్సు ఎక్కాం.

బండి అరగంట ఆలస్యంగా కదిలింది. సాయంత్రం బండిలో రద్దీ తక్కువ, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మా ఎదుటి బల్లమీద గంపనిండా సీతాఫలాలతో ఘనపురం పోయే ముసలమ్మ, ఆమె పక్కన ఒక రైతు, అతని భార్య. ఘట్‌కేసర్ దాటుతుండగా, రెండు రోజులూ కంటతడి పెట్టని సత్తెమ్మ ఉన్నట్టుండి ఏడుపు మొదలుపెట్టింది. ఆపుకోలేదు, చాటు చేసుకోలేదు.

"ఏమాయె బిడ్డా?" అంది ముసలమ్మ.

సత్తెమ్మ అంతా చెప్పింది. ఓదెలు, ఇంకొకామె, ఆకు. రైతు భార్య లేచి వచ్చి పక్కన కూర్చుంది. రైతు చెంబుతో నీళ్ళు ఇచ్చాడు. ముసలమ్మ ఓదెలును నేను కొత్తగా విన్న తిట్లు నాలుగు తిట్టి, పండు ఒకటి విప్పి సత్తెమ్మకు తినిపించింది. కడుపు నిండితే దుఃఖం దిగుతుందని చెప్పింది. తరువాత నా వైపు చూసింది.

"నువ్వేంది నాయనా, గట్ల కూసున్నవ్? తోడబుట్టినదాని బాధ సూడలేకనా?"

నేను అవునన్నట్టు తలూపబోయాను.

"కాదవ్వా" అంది సత్తెమ్మ ముక్కు తుడుచుకుంటూ. "మా అన్నకు గూడ తెగింది. ఇయ్యాల్నే. నన్ను ఓదార్చెటందుకు గల్లీ గల్లీ వచ్చింది. ఆయనకు ఒక్కలు లేరు."

"అయ్యో! ఇల్లాలు ఇడిసిపెట్టిందా?"

"ఇల్లాలు కాదు. దోస్తు. ఒక్క ఇంట్ల, ఒక్క కుండల తిన్నరు. మస్తు మంచిగుండ్రి."

రైతు కిటికీలోంచి బయటికి చూశాడు. అతని భార్య అతని వంక చూసింది. నాకు బండిలోంచి దూకేద్దామనిపించింది. ముసలమ్మ మాత్రం నన్నే చూస్తోంది. ఆమెకు ఎంత అర్థమైందో, ఏమనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. గంపలోంచి ఇంకో పండు తీసి, రెండుగా విప్పి, సగం నా చేతిలో పెట్టింది.

"ఒక్క కుండల తిన్నోడు ఇడిసివోతె కూడు వోతదా బిడ్డా? వోదు. తిను. వాని నోట్ల మన్నువడ."

హబీబ్‌ను ఒకరు తిట్టడం అదే మొదటిసారి. పండు నోట్లో పెట్టుకోబోయి పెట్టుకోలేకపోయాను. ఏడుపు వచ్చింది. చిన్నగా కాదు, పెద్దగా, ఓదెలు ఏడ్చినట్టు. రైతు చెంబు మళ్ళీ నింపి నా ముందు పెట్టాడు. అతని భార్య, ఏడ్వనియ్యుండ్రి, ఏడ్వనియ్యుండ్రి అంది. సత్తెమ్మ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. జనగామ వచ్చింది, పోయింది. నేను ఏడుస్తూనే ఉన్నాను.

ఇదే పనిమీద పట్నం పోయేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. పోయేటప్పుడు ఎట్లా పోయినా సరే, వచ్చేటప్పుడు ఒంటరిగా రాకండి. డబ్బున్నా పై తరగతి టికెట్ తీసుకోకండి, జనంలో కూర్చోండి.

ముసలమ్మ ఘనపురంలో దిగింది. ఓరుగల్లులో బండి ఆగేసరికి రాత్రి పది దాటింది. నా కళ్ళు వాచి మెట్టు కనబడకపోతే, సత్తెమ్మ ముందు దిగి నా చెయ్యి పట్టుకొని దింపింది. ప్లాట్‌ఫారం మీద మా గల్లీవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. ఆమెను చూశారు, నన్ను చూశారు. ఆకు తెంపుకొని వచ్చింది నేనే అనుకొని ఉంటారు. నిజమే.